గాల్లో ఆగిన తలంబ్రాలు

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు,
జిరాక్స్ షాపు పైన నా గది.
శనివారం రాత్రి ఒంటిగంటన్నర.
నారాకోడూరు వాళ్ల పెళ్లి అరవై మూడు శాతం అయింది.

అసలు పెళ్లయి పద్దెనిమిది రోజులు.
పదహారు రోజుల పండగా అయిపోయింది,
కొత్త జంట అరకు వెళ్లి తిరిగొచ్చింది కూడా.
నా తెర మీద మాత్రం
పిల్ల ఇంకా పీటల మీదే ఉంది,
దోసిలి ఎత్తే ఉంది,
తలంబ్రాలు పెళ్లికొడుకు తలకి జానెడు పైన
గాల్లో నిలబడి ఉన్నాయి.

అవి కింద పడాలంటే నా గ్రాఫిక్స్ కార్డు ఒప్పుకోవాలి.
దానికి ఏడేళ్లు.
రెండు ఫ్యాన్లలో ఒకటి పని మానేసింది,
రెండోది మానేసినదాన్ని తిడుతూ తిరుగుతోంది.

కొత్తది కొనెయ్ అంటాడు ఖాజా,
గవర్నర్‌పేటలో తన కౌంటర్ మీద మోచెయ్యి ఆన్చి.
"ఈ వారానికి నలభై ఆరు వేలన్నా.
సోమవారం వస్తే నేను వేరే మనిషిని."
ఆగమనేది వాడి తమ్ముడే, వెనక గోడౌన్లోంచి:
"జనవరిలో కొత్త మోడల్ దిగుద్ది,
దీని మొహం ఎవరూ చూడరు."
ఒక్క తల్లి పిల్లలు, ఒక్కటే బిల్లు పుస్తకం.

నేను ఆగడం మొదలుపెట్టి పద్నాలుగు నెలలు.
ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు కదా అని ఆగాను.
శ్రావణంలో తల ఎత్తే తీరిక లేక ఆగాను.
దసరాకి తగ్గుద్దన్నారు. తగ్గింది, రెండు వేలు.
ఇంకా తగ్గుద్దని పడుకుని
లేచి చూస్తే ఐదు పెరిగింది.

మా యలమంద బాబాయిదీ ఇదే జబ్బు, తిరగేసి.
అరవై రెండు టిక్కీల తేజ
రెండేళ్లుగా కోల్డ్ స్టోరేజీలో ముడుచుకుని పడుకుంది.
ఆయనకి రేటు పెరగాలి,
నాకు తగ్గాలి.
పళ్లు తోముకోకముందే ఇద్దరం ఫోన్లు చూసుకుని
ఒకే రకంగా మూలుగుతాం.
అద్దె ఆయన కాయని తింటోంది,
రాత్రి నన్ను.

బేరమాడతాడు కదా అని
నిన్న ఆయన్ని బెజవాడ తీసుకెళ్లాను.
ఖాజా డబ్బా చేతిలో పెట్టాడు.
యార్డులో కాయ పట్టినట్టే పట్టాడు బాబాయి,
చెవి దగ్గర ఊపాడు,
గింజ గలగలమనలేదని పెదవి విరిచాడు.
"లోపల తేముందేమోరా."
ఖాజా నవ్వలేదు.
"ఊపమాక పెద్దాయనా" అన్నాడంతే.

మెట్లు దిగుతూ అడిగాడు బాబాయి,
"ఇది లేక ఇప్పటిదాకా ఎంత పోగొట్టుకున్నావ్?"

తిరుగు బస్సులో లెక్క కట్టబోయాను.
చేజారిన పెళ్లిళ్లు మూడు, అందులో తెనాలిది పెద్దది.
వాయిదా అడిగినప్పుడల్లా ఆడిన అబద్ధాలు:
కరెంటు పోయింది, జ్వరం వచ్చింది,
లేని మేనత్తని ఒకసారి చంపాను.
నిద్ర ఏ గడిలో రాయాలో తెలీలేదు.
మంగళగిరి కొండ దీపాలు వెనకబడ్డాక
బాబాయి కిటికీ వైపు తిరిగి,
"పోయినేడు పద్దెనిమిది పలికినప్పుడు ఇచ్చెయ్యాల్సింది.
ఇరవై అవుద్దనుకున్నా" అన్నాడు,
నాతో కాదు, అద్దంతో.
కాజా టోల్‌గేటు దాకా ఇంకేం మాట్లాడలేదు.

నలభై ఆరు వేలూ రబ్బరుబ్యాండుతో సహా
చొక్కా జేబులో ఇంటికొచ్చేశాయి.
నేను కొన్నది ఒక గొట్టం థర్మల్ పేస్టు, నూట ఎనభై.
పాత కార్డు విప్పి, దుమ్ము ఊది,
ముసలాయన వీపుకి మందు రాసినట్టు రాశాను.
రెండు డిగ్రీలు తగ్గింది.
కాసేపు గర్వపడ్డాను కూడా.

ఖాజాకి "ఉంచు" అని టైపు చేసి
పంపకుండా కూర్చున్నాను.
ఇంతలో ఫోను వెలిగింది.
యలమంద బాబాయి, ఈ వేళప్పుడు:
"ఆలోచించా. తేమ లేదులే. కొనుక్కో."

"మరి నీ కాయ?" అని అడిగాను.
చదివాడు. నీలం టిక్కులు పడ్డాయి.
ఏదో టైపు చేస్తున్నాడు,
ఆపాడు,
మళ్లీ చేస్తున్నాడు.

అరవై నాలుగు.
పెళ్లికొడుకు జుట్టు మీద
పసుపు గింజ ఒకటి వాలినట్టుంది.